కోరిన పని గంటలు

కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెం అరటి వ్యాపారానికి పెట్టింది పేరు. గోదావరి తీరంలోని లంక గ్రామాల నుండి కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి గెలలు ఇక్కడి మార్కెట్టుకు చేరి, జట్టు కూలీల భుజాల మీదుగా లారీలకెక్కి ఇతర రాష్ట్రాలకు తరలిపోతాయి. "రోజుకు ఎన్ని గంటలు పనిచేయాలని ఉంది?" అని ఆ కూలీలలో ఒకరిని అడిగామనుకొందాం. అతడు చెప్పిన జవాబును బట్టి వచ్చే ఏడాది అతని పనివేళలను ఊహించగలమా?

తొందరపడి ఔననరాదు. శ్రావణ, కార్తిక మాసాలలో, పెళ్లి ముహూర్తాలలో గెలలకు గిరాకీ హెచ్చుతుంది. కోసిన గెల ఎక్కువ రోజులు నిలవ ఉండదు. లారీ నిండేదాకా జట్టులోనివాడు ఒక్కడే ఇంటికి పోజాలడు. ఆషాఢంలో గిరాకీ తగ్గితే, చేస్తానన్నా చాలినంత పని దొరకదు. పంట, గిరాకీ, జట్టు కట్టుబాటు, ఇంటి అప్పు - ఇవన్నీ శ్రామికుని అభిలాషతో కలిసి అతని పనివేళలను నిర్ణయిస్తాయి.

ఆర్థికశాస్త్రవేత్తలు ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించారు. జర్మనీలో 1984లో, బ్రిటన్‌లో 1991లో మొదలైన సర్వేలు అవే కుటుంబాలను ఏటేటా ప్రశ్నించి, పని గంటలను, వాటి విషయంలో శ్రామికుల కోరికలను నమోదు చేశాయి. తక్కువ గంటలు కోరినవారి పనివేళలు తరువాత కొంత తగ్గాయి. ఎక్కువ కోరినవారివి కొంత పెరిగాయి. అయితే కోరినంత మార్పు అందరికీ లభించలేదు. ఉన్న కొలువులోనే కొనసాగినవారికంటె కొలువు మార్చినవారి పని గంటలే కోరికకు మరింత దగ్గరయ్యాయి.

గంటల విషయంలో కాకపోయినా, పనిదినాల విషయంలో కోరికకు చట్టం అండగా నిలిచిన సందర్భం మన రాష్ట్రంలోనే ఉంది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైంది. ఆ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. దరఖాస్తు చేసిన 15 రోజులలో పని చూపాలని, చూపకుంటే నిరుద్యోగ భృతి చెల్లించాలని నిర్దేశించింది. అడిగిన పని ఆ విధంగా హక్కు అయింది.

కాబట్టి శ్రామికుని మాటను జోస్యంగా భావించరాదు, విలువలేనిదని తోసిపుచ్చనూరాదు. పొద్దు గుంకినా బరువు మోస్తున్నవాణ్ణి చూసి, అతడు కోరుకొన్నది అదేననుకోవడం మరింత పెద్ద పొరపాటు. అతడు కోరుతున్నదేమిటో, దానికి అడ్డు నిలుస్తున్నదేమిటో రెండింటినీ అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్నలు

1. రావులపాలెం జట్టు కూలీల పనివేళలను నిర్ణయించే అంశాలేవి?

2. శ్రామికుని కోరికకు చట్టం ఎలా తోడ్పడగలదో సోదాహరణంగా వివరించండి.