పులికీ, మన సాగర్ కాలువకూ ఏమిటి సంబంధం?

జగ్గయ్యపేట, నందిగామ మెట్టపొలాలకు వచ్చే సాగర్ ఎడమ కాలువ నీటిని మీరు చూసే ఉంటారు. ఆ కాలువకూ, అడవిలోని పులికీ సంబంధం ఉందంటే నమ్ముతారా? నవ్వకండి! రండి, కాలువ వెంట ఎగువకు వెళ్దాం.

కాలువ పుట్టేది నాగార్జునసాగర్ జలాశయంలో. అక్కడికి ఎగువన, శ్రీశైలం వైపు, కృష్ణకు రెండు పక్కలా ఉన్న కొండలే నల్లమల. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి ఇది. నల్లమద్ది, టేకు, ఏపి చెట్లూ, వెదురు పొదలూ ఉంటాయి. చుక్కల దుప్పి, కణితి, నాలుగు కొమ్ముల కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత, పెద్దపులి ఇక్కడ నివసిస్తాయి. చెంచులు తరతరాలుగా ఉంటున్నదీ ఇక్కడే. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ఇది పులుల సంరక్షణ పథకంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత, తెలంగాణలోని భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది.

పులి బతకాలంటే దుప్పులుండాలి. దుప్పులకు గడ్డి కావాలి. గడ్డికి మన్ను, నీరు కావాలి. కాబట్టి పులిని కాపాడటమంటే అడవినంతటినీ కాపాడటమే.

ఇక అడవి ఏం చేస్తుందో మీరే పరీక్షించండి. రెండు పాత రేకు చేటల్లో మన్ను సమంగా పరచండి. ఒకదానిలో మన్నుపై ఎండుటాకులు కప్పండి. రెండింటినీ ఒకే వాలులో ఉంచి, చిల్లుల డబ్బాతో ఒకే కొలత నీరు పోయండి. కిందికి జారిన నీటిని గిన్నెల్లో పట్టి పోల్చండి. ఆకులు లేని చేట నుంచి వచ్చిన నీరు ఎక్కువ బురదగా ఉంటుంది. నల్లమలలో ఆకుల పొర, వేళ్లు చేసే పని ఇదే. అవి లేకపోతే కొండల మన్ను కొట్టుకువచ్చి జలాశయంలో పూడికగా చేరుతుంది. పూడిక పెరిగితే నీరు నిలిచే చోటు తగ్గుతుంది.

ఒక మాట మరవకండి. కృష్ణ నీరంతా నల్లమలలో పుట్టదు. నది పుట్టింది పశ్చిమ కనుమల్లో. ఆ నీటిని నిలిపే జలాశయం గట్లకు మాత్రం నల్లమల అడవే కాపలా.

మీరెప్పుడైనా శ్రీశైలం వెళితే బస్సు ఈ అడవి గుండానే పోతుంది. ప్లాస్టిక్ సంచి విసరకండి. ఆర్పని బీడీముక్కను పెద్దలెవరైనా పారేయబోతే, "అక్కడ మన కాలువ నీళ్లున్నాయండీ!" అని చెప్పండి.