కొలువుకు ముందు ఊరి పని

విశాఖ పిల్లలకు పరిశ్రమలు కొత్త కాదు. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి రేవులోకి వచ్చే ఓడలు, సింధియా దగ్గర షిప్‌యార్డు క్రేన్లు, గాజువాక దాటాక కనిపించే ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు వాళ్లు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. 1933లో రేవు తెరుచుకుంది. 1948లో ఇక్కడే కట్టిన జలఉష నౌక నీళ్లలోకి దిగింది. 32 మంది ప్రాణాలు ధారపోసిన ఉద్యమం ఫలించి 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఇంత చరిత్ర ఉన్నా, ఆ గేట్ల వెనక ఎవరు ఏ పని ఎలా చేస్తారో పక్క వీధి హైస్కూలు పిల్లలకు తెలియదు. తెలిసే దారీ తక్కువే. 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం చెబుతోంది. అది ఉండి తీరాల్సిన నిబంధన. కొలిమి దగ్గరికో, ఓడ అడుగుకో పంపి పిల్లలకు పని నేర్పలేం. మరి పని అంటే ఏమిటో వాళ్లకు తొలిసారి అనుభవంలోకి వచ్చేదెక్కడ? ఈ వయసులో అందుకు తగిన చోటు సొంత పేట, అక్కడ చేసే సేవ. దాన్ని చదువుతో ముడిపెట్టి పద్ధతిగా చేయిస్తే, కొలువుకు కావలసిన పునాది హైస్కూల్లోనే పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేక నగరం అల్లాడింది. అలాంటి వేళ ముందుగా ఎవరి ఇంటి తలుపు తట్టాలి? ఒంటరిగా ఉంటున్న వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, మంచం దిగలేని రోగులు తమ వీధిలో ఎవరున్నారో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక జాబితా రాశారనుకుందాం. అందుకు ముక్కూమొహం తెలియని వాళ్లతో మర్యాదగా మాట్లాడాలి. విన్నది తప్పు లేకుండా రాయాలి. ఒకరి ఇంటి సంగతి మరొకరికి చెప్పకూడదు. మూణ్నెల్లకోసారి జాబితాను సరిచూసి వార్డు సచివాలయంలో ఇవ్వాలి. రేవులో సరుకు లెక్క చూసేవారైనా, ఆసుపత్రిలో రికార్డులు రాసేవారైనా, కర్మాగారంలో భద్రత చూసేవారైనా చేసే పనికి మూలం ఇదే. మరో ఉదాహరణ. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయిన ఊరు మనది. గాలి ఎటు వీస్తోంది, ఎటు వెళ్లాలి, కళ్లు మండితే ఏం చేయాలి అన్న సంగతులు నిపుణుల దగ్గర నేర్చుకుని తమ వీధిలో చెప్పే విద్యార్థికి రసాయనశాస్త్రం మార్కుల పాఠంగా మిగిలిపోదు. పారిశ్రామిక భద్రత, కాలుష్య పరీక్షలు అనే ఉద్యోగ రంగాలున్నాయని కూడా ఆ విద్యార్థికి అప్పుడే తెలుస్తుంది.

‘ఇవన్నీ చేస్తూ కూర్చుంటే పదో తరగతి ఏమవుతుంది?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. 600 మార్కుల పరీక్ష ముందుండగా ఆ భయం సహజం. దీనికి ఆధారంతోనే జవాబు చెప్పాలి. 2011లో సెలియో, డర్లక్, డిమ్నికి అనే పరిశోధకులు 62 అధ్యయనాలను, 11,837 మంది విద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించారు. చదువుతో ముడిపడిన సేవ చేసినవారు ఆత్మవిశ్వాసం, బడిపై ఇష్టం, పౌర బాధ్యత, నలుగురితో మెలిగే నేర్పు, చదువు అనే ఐదింటిలోనూ మెరుగుపడ్డారు. అన్నిటికన్నా ఎక్కువ మెరుగుదల చదువులోనే కనిపించింది. ఇవి విశాఖ బడుల్లో చేసిన అధ్యయనాలు కావు కాబట్టి అంతే ఫలితం ఇక్కడా వస్తుందని హామీ ఇవ్వలేం. కానీ సేవ వల్ల చదువు చెడుతుందన్న భయానికి ఆధారం లేదని మాత్రం చెప్పవచ్చు. పైగా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వారానికి రెండు గంటలు చాలు. పదో తరగతి చివరి నెలలను ముట్టుకోనక్కర్లేదు.

మార్కుల లెక్కలో కనిపించని మేలు ఇంకొకటుంది. పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే పిల్లలు దారి ఎంచుకోవాలి. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీల దగ్గరే చాలామంది ఆలోచన ఆగిపోతుంది. కానీ పాలిసెట్ రాసి కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరవచ్చు, ఐటీఐకి వెళ్లవచ్చు. చేపల నౌకలు నడపడం, వాటి యంత్రాలు బాగుచేయడం నేర్పే రెండేళ్ల కోర్సులు సిఫ్‌నెట్ అనే శిక్షణ సంస్థ విశాఖ కేంద్రంలో పదో తరగతి అర్హతతోనే ఉన్నాయి. ఇంటర్ తర్వాత ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో నౌకా నిర్మాణం చదవవచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో ప్లాస్టిక్ చెత్త మీద నెల రోజులు పనిచేసి, బోటు మెకానిక్కులతో మాట్లాడిన విద్యార్థికి ఈ పేర్ల వెనక మనుషులు కనిపిస్తారు. తనకు ఏది నప్పుతుందో, ఏది నప్పదో కూడా తెలుస్తుంది.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. తప్పనిసరి చేస్తే సేవ తంతుగా మారుతుందంటారు. నిజమే. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ సూచించిన సమాజోపయోగ ఉత్పాదక శ్రమ ఎంతో మంచి ఆలోచన. కానీ చాలా బడుల్లో దానికి కేటాయించిన పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకున్నారు. కెనడాలోని అంటారియోలో హైస్కూలు డిప్లొమాకు 40 గంటల సేవ తప్పనిసరి. అయితే గంటలు లెక్కపెట్టినంత మాత్రాన బుద్ధి మారదు. అందుకే అడగాల్సింది సంతకాల కాగితం కాదు, నోటుపుస్తకం. ఏం చూశాను, ఏం పొరబడ్డాను, మళ్లీ చేస్తే ఎలా చేస్తాను అని ప్రతి వారం ఒక పేజీ రాయించి, తరగతిలో చర్చించాలి. రేపు ఇంటర్వ్యూలో ‘ఏదైనా సమస్య పరిష్కరించావా?’ అని అడిగితే, అలా రాసిన విద్యార్థి బట్టీపట్టిన జవాబు వెతుక్కోడు.

రోజు గడవడమే కష్టమైన ఇళ్ల పిల్లలకు ఇదంతా అదనపు బరువు కాదా అన్నది మూడో ప్రశ్న. బడి వేళల బయట పెడితే బరువే. అందుకే ఇది టైంటేబుల్‌లోనే ఉండాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు బ్యాగు లేని పది రోజులు స్థానిక వృత్తులవారి దగ్గర గడపాలన్న 2020 జాతీయ విద్యా విధానం అందుకు వీలు కల్పించింది. చేపలమ్మే తల్లికి లెక్కలు చూసిపెట్టే అమ్మాయి, మంచాన పడ్డ తాతను చూసుకునే అబ్బాయి ఇప్పటికే బాధ్యత నేర్చినవారు. వాళ్లు మోసే బరువును గుర్తించి, దాన్ని తమ మాటల్లో చెప్పుకోవడం టీచర్లు నేర్పాలి. అలాగే జీతం ఇచ్చి చేయించాల్సిన పనిని పిల్లలతో ఉచితంగా చేయించకూడదు. కాలువల్లోకి, ట్రాఫిక్‌లోకి పంపకూడదు.

ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. ఈ విద్యాసంవత్సరంలో ఒక్క తరగతి, ఒక్క వీధి, ఒక్క సమస్యతో మొదలుపెట్టండి. తల్లిదండ్రులారా, ఆ రెండు గంటలు పిల్లలకు వదిలిపెట్టండి. విద్యార్థులారా, ఈ శనివారం మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ దగ్గరికి ఇద్దరు స్నేహితులతో వెళ్లి, తుపాను వస్తే ఆమెకు ఏం కావాలో అడగండి. చెప్పింది శ్రద్ధగా రాసుకోండి. మీ నోటుపుస్తకంలో మొదటి పేజీ అదే.