క్రాష్ తర్వాత తిరిగి రావాల్సింది విండో ఒక్కటేనా?

ఫ్రెండ్స్, ఈసారి కవిత కాదు, ఒక చిన్న పాఠం. లాగిన్ అవ్వగానే మన ప్రోగ్రామ్‌లను లేపి, లాగౌట్ దాకా కనిపెట్టుకుని ఉండేది సెషన్ మేనేజర్. మరి మధ్యలో ఏదైనా క్రాష్ అయితే అదేం చెయ్యాలి? నా లెక్కలో మూడు ప్రశ్నలున్నాయి.

1. మళ్లీ లేపాలా?

మనం మూసేసిన ప్రోగ్రామూ, దానంతటదే పడిపోయిన ప్రోగ్రామూ ఒకటి కాదు. లినక్స్ డెస్క్‌టాప్‌లలో వాడిన ఎక్స్11కి 1994లోనే ఎక్స్‌ఎస్‌ఎంపీ అనే ప్రోటోకాల్ వచ్చింది. అందులో ప్రతి ప్రోగ్రామ్ తన కోరిక నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు: ఇప్పుడు నడుస్తుంటేనే వచ్చేసారి లేపు, ఎలాగైనా లేపు, ఆగిన వెంటనే లేపు, అసలు లేపకు. ప్యానెల్ లాంటివాటికి మూడోది సరిపోతుంది.

2. ఎన్నిసార్లు?

లేచీ లేవగానే పడిపోయేదాన్ని లేపుతూనే ఉంటే సిస్టమ్ దానికే సరిపోతుంది. అందుకే సిస్టమ్‌డీలో డీఫాల్ట్ హద్దు 10 సెకన్లలో 5 సార్లు. హద్దు దాటాక ఆగడం కరెక్టే, కానీ ఆ సంగతి యూజర్‌కి చెప్పాలి. "లాగౌట్ అవ్వండి" అని మాత్రమే చెప్తే చాలదు. మిగతా ప్రోగ్రామ్‌లు ఇంకా బతికే ఉంటే, ముందు వాటిలో పని సేవ్ చేసుకోనివ్వాలి.

3. ఏ స్థితిలో?

అసలు కష్టం ఇక్కడే. మా పొన్నూరులో ఒక డీటీపీ షాపు అనుకోండి. శుభలేఖలో ముహూర్తం టైమ్ మార్చారు, ఇంకా సేవ్ చెయ్యలేదు, ప్రోగ్రామ్ క్రాష్ అయింది. మళ్లీ తెరిస్తే పాత కాపీ వచ్చింది. ఎవరూ గమనించకపోతే 500 కార్డుల మీద పాత టైమే అచ్చవుతుంది! విండో తిరిగొచ్చింది కదా అని నమ్మడమే ప్రమాదం. ఈ కాపీ ఎన్నింటిదో స్క్రీన్ మీదే కనిపించాలి. విమ్ ఈ పని చేస్తుంది: స్వాప్ ఫైల్ దొరికితే దాని తేదీ, టైమ్ చూపించి, ఏం చెయ్యాలో మనల్నే అడుగుతుంది.

ఇది సెషన్ మేనేజర్ ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. "నీ స్థితి సేవ్ చేసుకో" అని ఎక్స్‌ఎస్‌ఎంపీ మెసేజ్ పంపుతుంది, నిజమే. కానీ క్రాష్ అయిన ప్రోగ్రామ్ ఆ మాట వినలేదు. అందుకే బతికుండగానే ఎప్పటికప్పుడు దాచుకోవడం ప్రోగ్రామ్ పని. లేపడం, ఎప్పుడు ఆపాలో తేల్చడం మేనేజర్ పని. ఏ కాపీ ఉంచాలో చెప్పడం మనిషి పని. దాచుకున్న స్థితే క్రాష్‌కి కారణం కావచ్చు కూడా. అందుకే ఫైర్‌ఫాక్స్ వరుసగా క్రాష్ అయితే పాత ట్యాబ్‌లన్నీ తనే తెరవదు, ఏవి కావాలో అడుగుతుంది.

మీ మినీ ప్రాజెక్టు నడుస్తుండగా ఒకసారి కిల్ మైనస్ 9 కొట్టి చూడండి. దాన్ని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు. మళ్లీ రన్ చేశాక ఎంత తిరిగొస్తే, మీరు నిజంగా సేవ్ చేసింది అంతే.