ఘనజీవామృతం నిల్వ: లెక్క ఇలా వేసుకోండి

షెడ్డులో 1000 కిలోల ఘనజీవామృతం ఉంది కదా, చాల్లే అనుకోకండి. ఇప్పటికే ఒప్పుకున్నది ఎంతో ముందు తీసేయండి.

ఉదాహరణకు ఎకరాకు 400 కిలోల చొప్పున మీ 2 ఎకరాల ఆఖరి దుక్కికి 800 కిలోలు కావాలి. పక్క రైతుకు మాట ఇచ్చింది 400. మొత్తం 1200. అంటే కుప్ప నిండుగా కనిపిస్తున్నా 200 కిలోలు లోటే!

నీడలో ఆరడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే కుప్ప అయిపోయాక కాదు, లోటు తేలిన రోజే పేడ కలపండి. ఆరితే బరువు తగ్గుతుంది, పేడ ఎక్కువే తీసుకోండి.

ఎవరికి, ఎంత, ఏ తేదీకి అన్నది గోడ మీద రాసుకోండి. అది చూశాకే కొత్తవారికి మాట ఇవ్వండి. తయారీ విధానం వీడియోలో చూడండి.