దుకాణము పేరు ఎవరిది?
వ్యాపార చిహ్నము, మధ్యవర్తిత్వము, భాగస్వామ్యము: చట్టములు నేర్పు పాఠము

తండ్రి పెట్టిన కొట్టు, ఇద్దరు కుమారులు. కాలక్రమమున వేరుపడుదురు. సరకు, రొక్కము, రావలసిన బాకీలు, ఇల్లు, అన్నియు పెద్దమనుషుల యెదుట పంపకమగును. చిట్టా, ఆవర్జా ముందుంచుకొని చివరి రూపాయి వరకు లెక్క తేల్చుకొందురు. కాని కొట్టు పేరు ఎవరికి వచ్చినదో ఆ కాగితములో ఒక్క వాక్యమైనను ఉండదు. “మనలో మనకు వ్రాతలేల?” అని ఊరకుందురు. అన్నదమ్ములున్నంత కాలము ఆ మాట నిలుచును. వారి బిడ్డల నాటికి ఒకే బజారులో ఒకే పేరుతో రెండు కొట్లు వెలయును. మూడవ తరము కోర్టు మెట్లెక్కును.

ఇట్టి తగవులు వ్యాపార కుటుంబములకు క్రొత్తవి కావు. వీనిని గూర్చి మన దేశపు చట్టము ఎట్లు పెరిగినదో, నేడేమి చెప్పుచున్నదో తెలిసికొనుట ప్రతి వర్తకునకు అవసరము.

పేరు కూడ ఆస్తియే

వ్యాపార చిహ్నములను, అనగా ట్రేడ్ మార్కులను, దేశమంతటికి నమోదు చేయు మొదటి చట్టము 1940లో వచ్చినది. దాని స్థానమున 1958 నాటి చట్టము, పిదప 1999 నాటి చట్టము వచ్చినవి. ఈ కడపటి చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో నున్నది. పూర్వము సరకుల పేర్లకు మాత్రమే నమోదు ఉండెడిది. ఇప్పుడు భోజనశాల, రవాణా వంటి సేవల పేర్లను కూడ నమోదు చేయించుకొనవచ్చును. 1958 చట్టము క్రింద నమోదు 7 ఏండ్లకు చెల్లెడిది. ఇప్పుడు 10 ఏండ్లకు చెల్లును. రుసుము కట్టి మరల మరల పదేసి ఏండ్లకు పొడిగించుకొనవచ్చును.

2017 నాటి నియమములు ఫారముల సంఖ్యను 74 నుండి 8కి తగ్గించినవి. ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టు వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతి ఒక్కింటికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000 రూపాయలు రుసుముగా ఆ నియమములు నిర్ణయించినవి. ప్రధాన వ్యాపార స్థలమును బట్టి కార్యాలయము మారును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక వర్తకులకును, పుదుచ్చేరిలో భాగమైన యానాము వర్తకులకును చెన్నై కార్యాలయము. మహారాష్ట్ర వారికి ముంబయి. ఒడిశా వారికి కలకత్తా. దరఖాస్తు ట్రేడ్ మార్కుల పత్రికలో ప్రకటింపబడిన 4 నెలలలోగా ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును.

ముందు వాడినవాని హక్కు

నమోదు చేయించినంత మాత్రమున పేరు పూర్తిగా తనదైనదని తలచుట పొరపాటు. నమోదుకు ముందే ఆ పేరుతో నిజముగా వ్యాపారము చేసి, ప్రజలలో మంచిపేరు గడించినవాని హక్కును చట్టము కాపాడును. తిరునెల్వేలిలోని “ఇరుట్టుకడై హల్వా” పేరును గూర్చిన వ్యాజ్యములో, ఉభయుల చేత నమోదు పత్రములున్నను, ముందుగా వాడినవాని హక్కే మిన్న యని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పినది. కనుక పాత బిల్లులు, రసీదులు, లైసెన్సులు, అచ్చు వేయించిన సంచులు చెత్తబుట్టలో పడవేయదగినవి కావు. తాతల నాటి ఒక్క బిల్లు పుస్తకము కోర్టులో గొప్ప సాక్ష్యము కాగలదు.

అయితే ముందు వాడినవాడు కండ్లు మూసికొని కూర్చుండరాదు. “అమృతధార” యను ఔషధము ఇరువదవ శతాబ్ది ఆరంభము నుండి పేరు పొందినది. “లక్ష్మణధార” యను మరియొక ఔషధము 1923 నుండి అమ్ముడుపోవుచుండెను. దాని యజమాని 1950లో నమోదు కోరగా అమృతధార వారు అడ్డు చెప్పిరి. సామాన్యుడైన కొనుగోలుదారు ఈ రెండు పేర్లను చూచి భ్రమపడగలడని 1962లో సుప్రీంకోర్టు అంగీకరించినది. అయినను అమృతధార వారు తెలిసియు ఏండ్ల తరబడి ఊరకుండిరి గనుక, ఉత్తరప్రదేశ్ వరకు రెండవ పేరును నమోదు చేయవచ్చుననెను. ఊరకున్నంత ఉత్తమము లేదన్న సామెత దుకాణము పేరు విషయమున చెల్లదు.

తగవు తీర్చునది ఎవరు?

పూర్వము తగవు వచ్చినచో మేనమామయో పెదతండ్రియో కూర్చుండి ఒక మాట చెప్పెడివారు, ఉభయులు తలవంచెడివారు. ఆ పద్ధతిలోని మేలును చట్టము కాదనలేదు. దానికి కొన్ని హద్దులు పెట్టినది. 1940 నాటి మధ్యవర్తిత్వ చట్టమునకు బదులుగా 1996లో క్రొత్త చట్టము వచ్చినది. దాని ప్రకారము ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండవలెను. మధ్యవర్తుల సంఖ్య సరిసంఖ్య కారాదు. సంఖ్య చెప్పనిచో ఒక్కరే మధ్యవర్తి.

2015 నాటి సవరణ కుటుంబ వర్తకులు ముఖ్యముగా గమనింపదగినది. ఒక పక్షమునకు దగ్గరి బంధువైనవాడు మధ్యవర్తిగా ఉండుటకు అనర్హుడు. తగవు పుట్టిన తరువాత ఉభయులు స్పష్టముగా వ్రాసి యిచ్చి ఆ అభ్యంతరమును వదలుకొన్నప్పుడే అతడు తీర్పు చెప్పవచ్చును. “తగవు వచ్చినచో మా అన్నగారు తీర్చవలెను” అని పాత దస్తావేజులో ఉన్న మాట చాలదు. ఇది తెలియక నెలల తరబడి నడిపిన విచారణ వ్యర్థము కావచ్చును.

ఉభయుల వాదపత్రములు ముగిసినది మొదలు 12 నెలలలో తీర్పు రావలెను. ఉభయులు ఒప్పుకొన్నచో మరి 6 నెలలు; ఆపై కోర్టు అనుమతి కావలెను. తీర్పును ఎదిరింపదలచినవాడు సాధారణముగా 3 నెలలలో కోర్టుకు పోవలెను. పూర్వము అట్టి దరఖాస్తు పడగానే తీర్పు అమలు దానంతట అదే ఆగిపోయెడిది. 2015 తరువాత కోర్టు ప్రత్యేకముగా ఆజ్ఞ ఇచ్చిననే ఆగును. లేనిచో అది కోర్టు డిక్రీ వలెనే అమలగును.

మరి పేరును గూర్చిన తగవును మధ్యవర్తి తీర్చగలడా? ట్రేడ్ మార్కును నమోదు చేయుట ప్రభుత్వపు పని. అది లోకమంతటికి వర్తించును గనుక మధ్యవర్తి చేతిలోనిది కాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పినది. కాని బదలాయింపు పత్రము నుండి పుట్టిన తగవు ఆ పక్షముల మధ్యది మాత్రమే. కోయంబత్తూరులోని ఒక బిరియానీ హోటలు పేరును గూర్చిన వ్యాజ్యములో అట్టి తగవు మధ్యవర్తి యొద్దకు పోవచ్చునని 2025లో అదే కోర్టు తేల్చినది. పత్రమున్నచోటనే ఈ సులభమార్గము తెరచుకొనును.

ఫర్ము నమోదు

1932 నాటి భాగస్వామ్య చట్టము ఫర్మును నమోదు చేయించి తీరవలెనని నిర్బంధింపదు. కాని నమోదు లేని ఫర్ము, ఒప్పందము క్రింద తనకు రావలసిన దానికై బయటివారిపై దావా వేయలేదు. మధ్యవర్తిని నియమింపుడని కోర్టునడుగుటకు కూడ భాగస్వామికి వీలులేదని 1964లో సుప్రీంకోర్టు చెప్పినది. మధ్యవర్తి యెదుట జరుగు విచారణకు ఈ నిషేధము వర్తింపదని 2016లో చెప్పినది. “హల్దీరామ్ భుజియావాలా” పేరు వ్యాజ్యములో, ట్రేడ్ మార్కు హక్కు ఒప్పందము వలన పుట్టినది కాదు గనుక నమోదు లేని ఫర్ముకును దావా వేయు వీలున్నదని 2000లో తీర్పు వచ్చినది. పేరు విషయమున ఇంత వెసులుబాటు దొరకినను, అరువిచ్చిన సొమ్ముకై కోర్టుకు పోవలసినపుడు నమోదు లేమి అడ్డుగోడయే.

చేయవలసిన పనులు నాలుగు. పేరును నమోదు చేయించుట. పాత బిల్లులు భద్రపరచుట. ఫర్మును రిజిస్టరు చేయించి, దస్తావేజులో మధ్యవర్తి షరతు వ్రాయుట. పంపకమునాడు పేరు ఎవరిదో, రెండవవారు ఏ ఊరిలో, ఏ సరకునకు, ఎంతకాలము వాడవచ్చునో స్పష్టముగా వ్రాసికొనుట.

వ్రాత అపనమ్మకమునకు గుర్తు కాదు. అన్నదమ్ములు ఒకే విస్తరిలో తినుచున్ననాడు వ్రాసికొన్న కాగితము, వారి మనుమలు ఒకే వీథిలో ఎదురుపడినపుడు పలుకరించుకొనునట్లు చేయును.