కొరమేనును గుర్తించుట ఎట్లు?

తొలకరి వానలకు వాగులు పారగానే పల్లెలలో కొరమేను పిల్లల బేరము మొదలగును. వాగులలోను, పంట కాలువలలోను పట్టిన పిల్లలను కుండలలో పోసి తెచ్చి అమ్ముదురు. వాటిని కొని గుంటలో వదలిన రైతు, మరుసటి ఏడాది వల వేసినప్పుడు గాని తాను కొన్నది ఏ చేపయో తెలిసికొనలేడు.

నేను పర్యటించిన ఒక గ్రామములో ఇట్లే జరిగినది. పది నెలలు మేత పెట్టి పట్టి చూడగా పెక్కు చేపలు జానెడైనను లేవు. "లోపము మేతలో ఉన్నదా, నీటిలో ఉన్నదా అండీ?" అని ఆ రైతు అడిగినాడు. లోపము రెండింటిలోను లేదు. అవి కొరమేనులు కావు, మట్టగిడసలు.

ఈ చేపలన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. పాము తల వంటి తల, కోలగా నుండు ఒడలు, వీపు పొడవునను ఒకే రెక్క, నీటిపైకి వచ్చి గాలి పీల్చు గుణము అన్నింటికిని ఉమ్మడి. కనుకనే పిల్లలుగా నున్నప్పుడు పొరబాటు జరుగును. తేడాలు ఇవి:

1. కొరమేను: తెలంగాణములో కొర్రమీను, కొర్రమట్ట అని కూడ అందురు. వీపు నలుపు లేక ముదురు గోధుమ వన్నె, పొట్ట తెలుపు. ప్రక్కలందు ఏటవాలు చారలుండును. వీపు రెక్కలో ఈనెలు 37 నుండి 46. మొప్ప మూత మొదలు తోక మొదలు వరకు ప్రక్క గీత వెంబడి పొలుసులు 50 నుండి 57.

2. మట్టగిడస: ఒంటిమీద నల్లని చుక్కలు చల్లినట్లుండును. వీపు రెక్కలో ఈనెలు 28 నుండి 33. ప్రక్క గీతపై పొలుసులు 37 నుండి 40 మాత్రమే, కనుక అవి పెద్దవిగా కనిపించును. ఎంత పెంచినను 30 సెంటీమీటర్లు దాటుట అరుదు.

3. పూమేను: తోక మొదట పై భాగమున, లేత వన్నె అంచు గల నల్లని కన్ను వంటి మచ్చ యుండును. వీపు రెక్కలో ఈనెలు 45 నుండి 55, పొలుసులు 60 నుండి 70. ఇది నదులలోను, లోతైన జలాశయములలోను మీటరుకు మించి పెరుగును. చిన్న గుంటకు తగదు.

4. కొండవాగులలో దొరకు చిన్న జాతి: వీపు, తోక రెక్కల అంచులు నారింజ వన్నెగాను, మొప్ప వెనుక రెక్కపై అడ్డపట్టీలతోను ఉండును. సాధారణముగా 20 సెంటీమీటర్లకు మించదు.

రంగును మాత్రమే నమ్మరాదు. పెరిగిన నీటిని బట్టి చేప వన్నె మారును. లెక్క మారదు.

కొనునప్పుడు చేయవలసిన పని సులువైనది. వ్రేలెడు పొడవైనను లేని పిల్లలను కొనవద్దు. కుండ పైనుండియు, అడుగునుండియు కలిపి పది పిల్లలను తీయవలెను. ఒక్కొక్క దానిని తడిపిన తెల్లని పళ్ళెములో పెట్టి, ఎండ వెలుతురులో వీపు రెక్కను విప్పి, గుండుసూది మొనతో ఈనెలు లెక్కింపుడు. 37కు తగ్గినచో అనుమానింపవలెను. అప్పుడు చచ్చిన పిల్ల నొకదానిని తీసి పొలుసులు లెక్కింపుడు. 50కి తగ్గినచో అది కొరమేను కాదు. పదింటిలో రెండు మూడు వేరు జాతివైనను ఆ కుండను తిరుగ పంపుట మేలు.

మట్టగిడస పనికిరాని చేప కాదు. కూరకు బాగుండును. కాని కొరమేను ధర పెట్టి దానిని కొనుట నష్టము. గ్రామాధికారులు కూడ పంచాయతీ చెరువునకు పిల్లలను తీసికొనునప్పుడు ఈ పరీక్షను అందరి ఎదుట చేయింపవలెను.

మరియొక మాట. వాగులో ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుచున్న పెద్ద చేపను పట్టవద్దు. కాపు లేని పిల్లలు ఇతర చేపలకు ఆహారమగును. ఆ జత నిలిచిననే వచ్చే ఏడాది వాగులో కొరమేను నిలుచును.