నవ్వు, నొప్పి, మన నాలుక

ధ్యాన భాగాలు: సామెతలు 26:18-19, మత్తయి 7:12, ఎఫెసీ 4:29

స్టాండప్ కామెడీలో ఒకరి జోకు మరొకరి విశ్వాసాన్ని గాయపరిస్తే ఏం చేయాలి? రెండు సంఘటనలు చూద్దాం.

1. మన ప్రభువును హేళన చేసినప్పుడు

కమెడియన్ స్టువర్ట్ లీ, రిచర్డ్ థామస్‌తో కలిసి రాసిన ‘జెర్రీ స్ప్రింగర్: ది ఒపెరా’ను బీబీసీ 2005 జనవరిలో ప్రసారం చేసింది. యేసును అవమానించారని వేలాదిమంది ఫిర్యాదు చేశారు. ఒక క్రైస్తవ సంస్థ నాయకుడు దైవదూషణ కేసు పెట్టబోతే, 2007లో హైకోర్టు ఒప్పుకోలేదు. 2008లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ నేరాన్నే చట్టంలోంచి తీసేశారు. అయినా సువార్త ఆగలేదు. సైనికులు ముళ్ల కిరీటం పెట్టి వెక్కిరించినప్పుడు (మత్తయి 27:29) ప్రభువు వారిమీద పగ తీర్చుకోలేదు. నొచ్చుకున్నామని మర్యాదగా చెప్పవచ్చు. శిక్షించమని పట్టుబట్టడం మన పిలుపు కాదు.

2. పొరుగువారి దేవుళ్లను హేళన చేసినప్పుడు

హిందూ దేవతలను కించపరిచాడన్న ఫిర్యాదుపై మునావర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టు చేశారు. నెలకు పైగా జైల్లో ఉన్నాక, ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళా వేదికలో అతని షో గట్టి పోలీసు బందోబస్తు మధ్య జరిగింది.

మన ప్రభువుపై జోకు వేస్తే మండిపడి, ఇతరుల దేవుళ్లపై జోకును వాట్సాప్‌లో పంపితే, మత్తయి 7:12 ఎక్కడ పాటించినట్టు? ఏలీయా ఎగతాళి చేయలేదా అంటారు (1 రాజులు 18:27). ఆయన 450 మంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా, ప్రాణాలకు తెగించి నిలబడి మాట్లాడాడు. ఫోన్‌లో ఫార్వర్డ్ చేయడానికి ఆ తెగింపు అక్కర్లేదు.

3. మన సహవాసంలో

చట్టం చూడని చోటు ఇదే. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర ఒకరి రంగు, యాస, కులం, వీసా కష్టాలు, పిల్లలు లేకపోవడం నవ్వులాటవుతాయి. ఎదుటివారి ముఖం వాడిపోతే, “ఊరికే జోక్ చేశానండీ” అంటాం. అలాంటి మనిషిని సామెతలు 26వ అధ్యాయం నిప్పులూ బాణాలూ విసిరే పిచ్చివాడితో పోలుస్తుంది. నొచ్చుకున్నవాళ్లు గొడవ పెట్టరు; మెల్లగా ఆదివారాలు రావడం మానేస్తారు.

నవ్వు దేవుడిచ్చిన వరమే; శారా నవ్విన నవ్వు (ఆదికాండము 21:6) అందరినీ తనతో కలుపుకున్న నవ్వు. కాబట్టి జోకు వేసేముందు ఒక్క ప్రశ్న: ఎవరి గురించి అంటున్నామో, వాళ్లూ మనతో కలిసి నవ్వగలరా?

చర్చించండి: మన సహవాసంలో ఎవరు నవ్వలేక మౌనంగా ఉంటున్నారు? ఈ వారం వారిని ఎలా పలకరిద్దాం?